మారెక్క అరచెయ్యి

కొండమీది స్వామికి దండం. కింద కూర్చున్న మీకు చల్లన. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు జరగండి, చోటుంది. చెప్పడం నా వంతు, ఊఁ కొట్టడం మీ వంతు. మీ ఊఁ ఆగిన చోట నా కథా ఆగుతుంది, చూసుకోండి.

అనగనగా ఒక కొండ. కొండమీద నరసింహస్వామి. కొండ కింద చింతరేవుల అని ఒక పాళెం. పాళేనికి ఒక దొర, సిద్ధప్ప నాయకుడు. ఏ కాలం అని అడగొద్దు. నేను మా తాతను అడిగితే, వాళ్ళ తాత కూడా ‘ఎప్పటిదో’ అనేవాడట.

ఏటేటా స్వామి వేటకు పోతాడు. దాన్నే పార్వేట అంటారు. పల్లకిలో కొండ దిగి, కనుమ దాటి, అవతలి పల్లెలన్నీ చూసి వస్తాడు. పల్లకి ముందు ఒక గుర్రం. గుర్రం మీద జెండా పట్టుకున్న రౌతు. గుర్రం కదిలితేనే స్వామి కదులుతాడు. దాని నుదుట ఒకసారి నామం పెట్టారా, అది స్వామి గుర్రం. ఇక దాన్ని అమ్మరు, మార్చరు.

ఆ కనుమ ఉంది చూశారూ, దానికి ఒక పక్క నిట్టనిలువు రాయి, ఇంకో పక్క లోయ. ఒక మలుపులో గుర్రం పట్టేంత దారే ఉంటుంది. పల్లకిని కూడా అక్కడ ఒకరి వెనక ఒకరు నిలబడి తలల మీదుగా దాటిస్తారు. ఆ మలుపులో గుర్రం బెదిరిందంటే రౌతును దేవుడే చూసుకోవాలి.

ఆ పాళెంలో మారెక్క అని ఒకామె. జీను కింద వేసే మెత్తలు కుట్టడం ఆమె పని. జీను అంటే కట్టే తోలూ గదా, ఉత్తి వీపు మీద వేస్తే గుర్రానికి ఒరుసుకుపోతుంది. అందుకని కింద దూది మెత్త వేస్తారు. మారెక్క మెత్త కుడితే కుట్టు కనిపించేది కాదు. మగడు ఏనాడో పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, ఓబులేసు. దొర కొలువులో రౌతు. వాడు గుర్రం ఎక్కిన ప్రతిసారీ మారెక్క కొండ వైపు తిరిగి, “నరసింహా, వాణ్ణి ఎక్కించినట్టే దించు నాయనా” అనుకునేది. వాడు దిగేదాకా నీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఆ ఏడు పాత గుర్రం చచ్చిపోయింది. సంతకు వచ్చిన వర్తకుల దగ్గర కొత్త గుర్రాన్ని తెచ్చారు. తెల్లది. శంఖు అని పేరు పెట్టారు. సంతలో వర్తకుడి పిల్లలు దాని వీపు మీద ఒట్టి దుప్పటి వేసుకుని, ముగ్గురేసి ఎక్కి తిరుగుతుంటే చూసి మెచ్చి తెచ్చారు. నుదుట నామం పెట్టారు, హారతి ఇచ్చారు.

స్వామి గుర్రానికి మెత్త కుట్టేటప్పుడు ఒక ఆచారం ఉంది. రాగిరేకు మీద స్వామి పాదాలు చెక్కించి, గుళ్ళో పూజ చేయించి, దూది నడుమ పెట్టి కుట్టాలి. రౌతుకు అది రక్ష. కూర్చున్నవాడి కింద స్వామి పాదాలు ఉంటే వాడు పడడని నమ్మకం. పాత గుర్రానికీ అలాగే కుట్టేవారు. కాకపోతే ఆ పాతది తిని తిని పీపాలా అయింది, వీపు మీద రోలు పెట్టినా దానికి తెలిసేది కాదు. ఈ శంఖు సన్నది, వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. ఆ తేడా ఎవరికి తట్టింది? ఎవరికీ తట్టలేదు. మారెక్క తలంటుకుని, ఉపవాసముండి, రేకు పెట్టి కుట్టింది.

మొదటిసారి సుంకన్న అనే పెద్ద రౌతు ఎక్కాడు. శంఖు చెవులు వెనక్కి వాల్చి, తల తిప్పి తన వీపు కేసి చూసి, అడుగు వేయలేదు. దిష్టి తగిలిందన్నారు. మారెక్క ఇంకో రేకు పెట్టి కుట్టింది.

రెండోసారి సుంకన్న ఎక్కాడు. శంఖు ముంగాళ్ళు ఎత్తి నిలబడింది. దిష్టి గట్టిదన్నారు. మారెక్క మూడో రేకు పెట్టి కుట్టింది.

మూడోసారి సుంకన్న ఎక్కాడు. ఎక్కినంత సేపు కూడా లేడు. శంఖు వెనక కాళ్ళు విసిరిన విసురుకు పోయి గోడకు కొట్టుకున్నాడు. తొడ ఎముక విరిగింది. ఆయన కేక కోట బయటికి వినిపించింది.

దొర వచ్చాడు. వైద్యుణ్ణి పిలిపించాడు, సుడులు చూసే ముసలాయన్ను పిలిపించాడు. వైద్యుడు పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, కడుపు తడిమాడు, వీపు చూశాడు. ఎక్కడా పుండు లేదు, వాపు లేదు. ముసలాయన మెడ మీదా నుదుటా ఉన్న వెంట్రుకల సుడులన్నీ చూసి, ఇంత మంచి సుడులున్న గుర్రాన్ని తాను చూడలేదన్నాడు.

దొర అందరి ముందూ అడిగాడు. “నాకు ఒక్క మాట చెప్పండి. రోగమా, పొగరా? రోగమైతే స్వామికి విన్నవించి, ఈ ఏడు గుర్రం లేకుండా జెండా నడిపిస్తాను. పొగరైతే రౌతు ఉన్నదే పొగరు దించడానికి. ఇంకొకడు ఎక్కుతాడు.”

ఒంట్లో రోగం కనబడలేదు. ఇక మిగిలింది పొగరే గదా. పొగరేనన్నారు. పార్వేటలో దాన్నే ఎక్కాలి, తిరిగొచ్చాక అడవిలో చిరుతలకు వదిలేయాలి అని తీర్పయింది.

సుంకన్న తర్వాతి వరస ఎవరిది? ఓబులేసుది.

ఊఁ అనండి తల్లీ, మీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

దొరగారి తల్లి మంచి మనసున్న మనిషి. ఒంటి కొడుకు తల్లి ఎంత తల్లడిల్లుతుందోనని, తన సొంత ఖర్చుతో నాలుగో రేకు చేయించి పంపింది. ముందు మూడింటికంటే పెద్దది, మందమైనది. మారెక్క దాన్ని కళ్ళకద్దుకుంది. సూది పట్టుకుంది. దారం ఎక్కించబోతే ఎక్కలేదు. మళ్ళీ ఎక్కించింది, ఎక్కలేదు. ఆమెకు సుంకన్న కేక వినిపిస్తూనే ఉంది. సూది పక్కన పెట్టి లేచింది. నా కొడుకును చంపబోయేదాన్ని ఒకసారి కళ్ళారా చూసి వస్తాననుకుంది.

మిట్టమధ్యాహ్నం. గుర్రపుశాలలో వాళ్ళంతా కునుకు తీస్తున్నారు. ఓబులేసు ఒక్కడే శంఖుకు నీళ్ళు పెడుతున్నాడు. మారెక్క దాని ఎదురుగా నిలబడి చూసింది. అది వచ్చి ఆమె కొంగు వాసన చూసింది. కొంగుకు కట్టుకున్న బెల్లం ముక్క కోసం మూతితో వెతికింది. పొగరంటే ఇట్లా ఉంటుందా అని ఆమెకు అనుమానం వచ్చింది.

“ఒరే నాయనా, జీను లేకుండా ఎక్కు,” అంది.

“పార్వేట దాకా ఓపిక పట్టలేవా అమ్మా, ఇప్పుడే చంపేస్తావా?” అని నవ్వుతూనే ఎక్కాడు వాడు. శంఖు ఆవులా నడిచింది. శాల చుట్టూ తిప్పాడు. తోక కూడా విసరలేదు.

పొగరైతే మనిషి ఎక్కగానే రావాలి గదా అనుకుంది మారెక్క. ఇంటికి పోయి, తాను కప్పుకునే పాత బొంత తెచ్చింది. బొంత పరిచి, పైన జీను కట్టించి, కొడుకును ఎక్కమంది. జీను చూడగానే శంఖు చర్మం వణికింది. కళ్ళలో తెల్లగుడ్డు కనబడింది. అయినా నిలబడింది. నాలుగడుగులు నడిచింది.

అప్పుడు మెత్త తెచ్చింది. కొడుకును దూరంగా నిలబడమని, మెత్త వీపు మీద వేసి, దాని మీద తన బరువంతా మోపింది. అంతే. శంఖు గిరుక్కున తిరిగి ఆమె భుజం పళ్ళతో పట్టుకుంది. ఓబులేసు వచ్చి విడిపించేలోగా రవిక చిరిగి నెత్తురు కారింది. వాడు కొరడా ఎత్తాడు. మారెక్క వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆమెకు భుజం నొప్పి తెలియలేదు. బొంత వేస్తే నిలబడింది, మెత్త వేస్తే కరిచింది. నా మెత్తలో ఏముంది? చేత్తో ఒత్తి చూసింది. మెత్తగానే ఉంది. మోకాలి మీద పెట్టుకుని ఒత్తింది. మెత్తగానే ఉంది. బరువు పడితే ఎట్లుంటుందో ఎట్లా తెలుస్తుంది?

అప్పుడు మారెక్క ఏం చేసిందో చెబితే నవ్వుతారు. నవ్వండి, ఆనాడూ నవ్వారు. చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి గుర్రంలా వంగింది. వీపు మీద మెత్త వేయించుకుంది. మెత్త మీద జీను పెట్టించుకుంది. జీను మీద రాగుల మూట ఎత్తించుకుంది. శాల పంచలో మంచం మీద విరిగిన తొడకు కట్టు కట్టించుకుని పడున్న సుంకన్నకు ఆ చప్పుడుకు మెలకువ వచ్చింది.

“ఏందక్కా ఇది? గుర్రం కంటే నువ్వే నిదానంగా ఉండావే. దొరకు చెప్పి కళ్ళెం కూడా వేయిస్తాలే, పార్వేటకు నువ్వే పో,” అన్నాడు. చుట్టూ లేచినవాళ్ళు పగలబడి నవ్వారు.

మారెక్క ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగుకు ఆమె నోట్లోంచి సన్నటి కూత వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. దూది అణిగింది. అణిగిన దూదిలోంచి రేకుల అంచులు లేచి వెన్నుపూస మీద దిగాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి.

ఆమె అలాగే నేల మీద పడుకుని ఏడ్చింది. ఒక్కో రేకు పెడుతూ తాను చెప్పుకున్న మొక్కులన్నీ గుర్తొచ్చాయి. బిడ్డను కాపాడమని కుట్టిన ప్రతి కుట్టూ గుర్రం వెన్నులో దింపింది. సుంకన్న తొడ విరిచింది తన భక్తే.

సరే, తెలిసింది గదా, విప్పేస్తే పోయె అంటారు మీరు. అంత తేలికా? రక్షకు రక్ష చేర్చొచ్చు గానీ, పూజ చేసినదాన్ని పార్వేటకు ముందు విప్పి తీయకూడదు. విప్పితే ఆ పాపం ఎక్కినవాడికి చుట్టుకుంటుందని అందరి నమ్మకం. మారెక్కదీ అదే నమ్మకం. కుట్టు ఉంచితే గుర్రం చంపుతుంది. కుట్టు విప్పితే స్వామి చెయ్యి తీసేస్తాడు. ఏ తల్లి తేల్చుకుంటుంది?

మెత్త చంకన పెట్టుకుని కొండెక్కింది. పూజారి అనంతయ్య ముసలాయన, మెత్తని మనిషి. అంతా విన్నాడు. ఆమె భుజం చూశాడు.

“విప్పొచ్చునా సామీ?” అని అడిగింది.

ఆయన మెత్తను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత, “విప్పమనడానికి నాకు ధైర్యం చాలదు మారెక్కా. వద్దనడానికీ చాలడం లేదు. ఆయన్నే అడుగు,” అని గర్భగుడి తలుపు బార్లా తీశాడు.

లోపల స్తంభం చీల్చుకుని వచ్చే స్వామి. ఆ రూపాన్ని ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. ఆ పొద్దు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. రాతి స్తంభంలో ఉన్నావు గదయ్యా, రక్తం పారే గుర్రం వెన్నులో లేవా? నిన్ను తెచ్చి నీ మీదే గుచ్చానా? అలా అనుకుంది. గడప ముందు కూర్చుంది. పళ్ళతో దారం కొరికి, మూడు రేకులూ తీసి, కొంగున కట్టుకొచ్చిన నాలుగోదీ కలిపి, స్వామి ముందు పెట్టి లెంపలేసుకుంది.

కొండ దిగి దొరకు చెప్పింది. వైద్యుడు ఈసారి శంఖు వెన్ను మీద రేకులున్న చోట వేలితో ఒత్తి చూశాడు. గుర్రం నడుము కుంగిపోయింది. పైన చర్మం చెక్కుచెదరలేదు, లోపల కంది ఉంది. రోగమేనన్నాడు. ఆముదం కాచి, పసుపు కలిపి రాయమన్నాడు. మారెక్క రోజూ పోయి రాసింది. పార్వేట ఇంకా కొన్నాళ్ళు ఉందనగా వెన్ను మానింది. ఒత్తినా గుర్రం కదలడం లేదు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

రేకులు లేని కొత్త మెత్త వేసి, ఓబులేసును ఎక్కించారు.

శంఖు ముంగాళ్ళు ఎత్తింది. వాడు జారి దూరంగా పడ్డాడు. దెబ్బ తగల్లేదు, అది స్వామి దయ.

దొర ముఖం గట్టిపడింది. “మెత్త మార్చావు. వెన్ను మానింది. ఇంకా తంతోంది. ఇప్పుడు చెప్పు మారెక్కా. రోగమా, పొగరా?”

చుట్టూ ఉన్నవాళ్ళు గుసగుసలాడారు. రక్ష విప్పింది గదా, అందుకే అన్నారు. కన్నకొడుక్కి తానే చేటు తెచ్చుకుందన్నారు. మారెక్క విన్నది. అందులో సగం ఆమె మనసు కూడా అంటున్న మాటే.

“దొరా, నా చిన్నప్పుడు మా అయ్య తాగొచ్చి కొట్టేవాడు,” అంది. “అయ్య పోయినాక కూడా మా అమ్మ చెయ్యెత్తితే నేను ముడుచుకునేదాన్ని. ఆ యమ్మ ఎత్తేది నా తలకు నూనె పెట్టేదానికి. నాకు అప్పుడు రోగమూ లేదు, పొగరూ లేదు. ఆ చెయ్యి కొట్టదని తెలియడానికి నాకు పొద్దు పట్టింది. దీనికీ పడుతుంది.”

దొర ఆమెను చూశాడు, గుర్రాన్ని చూశాడు. రోగం మానిపోయింది కాబట్టి గుర్రం లేకుండా జెండా నడిపించలేనన్నాడు. అప్పటిదాకా ఏం చేసుకుంటావో చేసుకోమన్నాడు. రోగం నయం చేసి కొడుకును మళ్ళీ ఆ గుర్రం మీదికి తానే ఎక్కించుకుంది మారెక్క. చూశారా, ఎంత ఇరకాటమో.

ఇక ఆమెకు ఇల్లు లేదు, వాకిలి లేదు. శాలలోనే ఉండేది. మెత్త వేసే ముందు అరచెయ్యి శంఖు వెన్ను మీద పెట్టేది. చెయ్యి మీద మెత్త. మెత్త మీద జీను. గుర్రం వణికేది. చెయ్యి అక్కడే ఉండేది. వణుకు తగ్గినాక అన్నీ తీసేసేది, బెల్లం పెట్టేది. మళ్ళీ చెయ్యి, చెయ్యి మీద మెత్త, మెత్త మీద జీను. తర్వాత జీను మీద రాగుల మూట. ఆ బరువు ముందు ఆమె అరచేతి మీద పడేది, తర్వాత గుర్రం మీద. వేళ్ళ వెనక తోలు లేచిపోయింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ పెట్టేది. చివరికి మూట బదులు ఓబులేసు ఎక్కాడు. ఆమె చెయ్యి మెత్త కింద ఉన్నంతసేపూ శంఖు నడిచింది. చెయ్యి తీస్తే నిలబడిపోయింది.

అంతలో పార్వేట వచ్చేసింది.

నగారాలు మోగాయి. ఓబులేసు ఒక చేత్తో జెండా, ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని ఎక్కాడు. పక్కన మారెక్క, మెత్త కింద చెయ్యి పెట్టి నడిచింది. వెనక పల్లకి, పల్లకి వెనక ఊరు. అలాగే కొండ దిగారు. అలాగే కనుమ ఎక్కారు. అలాగే ఆ మలుపు దాకా వచ్చారు.

మలుపులో శంఖు ఆగింది. నగారా చప్పుడు లోయలోంచి తిరిగొస్తోంది. గుర్రానికి చెవులు నిలబడ్డాయి. మారెక్క లోయ వైపు ఉంది. ఇక ఆమె పాదానికి చోటు లేదు. కాలి కింద రాయి జారి కిందికి పోయింది, అది పడిన చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు.

“అమ్మా, చెయ్యి తియ్యి, పడిపోతావు,” అన్నాడు ఓబులేసు.

“తీస్తా. ముందు నీ చెయ్యి పెట్టు.”

వాడికి ఉన్నవి రెండే చేతులు. ఒక చేతిలో స్వామి జెండా, అది దించకూడదు. రెండో చేతిలో కళ్ళెం. కళ్ళెం వదిలి ఆ మలుపు దాటిన రౌతు అంతకుముందు లేడు. వాడు తల్లి ముఖం చూశాడు. కళ్ళెం గుర్రం మెడ మీద వదిలేశాడు. వంగి, అరచెయ్యి మెత్త కిందికి తోశాడు. లోపల తల్లి వేళ్ళు తగిలాయి. ఆ వేళ్ళు మెల్లగా వెనక్కి జారాయి. వాడి చెయ్యి ఒక్కటే మిగిలింది.

దొర చెయ్యెత్తి నగారాలు ఆపించాడు. పల్లకి మోసే బోయీలు అడుగు ఆపారు. మారెక్క వెనక్కి తగ్గి రాతికి ఆనుకుని నిలబడింది. కొండ వైపు తిరగడం మరిచిపోయింది. గుర్రం వీపే చూస్తోంది.

శంఖు వణికింది. తల తిప్పి వీపు కేసి చూసింది. చూసి, ముక్కుతో పెద్దగా ఊపిరి వదిలింది. ఒక కాలు ముందుకు వేసింది. తర్వాత ఇంకోటి. కళ్ళెం పట్టని రౌతును మోసుకుని, లోయ అంచున, పెళ్ళి నడకలా నడిచి అవతలికి పోయింది.

అప్పుడు గోవిందలు ఎత్తుకున్నారు చూడండి, ఆ కనుమ ఇంకా ఎక్కడో మోగుతూనే ఉంటుంది.

శంఖు చాలా పార్వేటలు నడిచింది. మారెక్క కూడా ముసలిదై, ఒక ఎండాకాలం జ్వరంతో పోయింది. ఆమెకు గుడి కట్టలేదు, రాయి నాటలేదు. కానీ ఆ రోజు నుంచి చింతరేవుల చుట్టుపక్కల రక్షరేకును మెత్తలో కుట్టరు, గుర్రం మెడలో గంటతో పాటు కడతారు. గుర్రమైనా సరే, గాడిదైనా సరే, ఎద్దయినా సరే, బరువు వేసే ముందు అరచెయ్యి వీపు మీద పెట్టి, “మారెక్కా, నువ్వు చూడు” అని, ఆ చెయ్యి మీద బరువు ఒకసారి ఆనించి, ఆ తర్వాతే వేస్తారు. పార్వేటలో ఆ మలుపు దగ్గర నగారాలు ఆగుతాయి. ఎంత పెద్ద రౌతైనా కళ్ళెం వదిలి, చెయ్యి మెత్త కింద పెట్టి దాటాల్సిందే.

ఇంకొకటి కూడా ఉంది. ఆ పక్క ఇళ్ళలో బిడ్డ మొండికేసి, చెప్పిన మాట వినక, అమ్మ కోపంతో బెత్తం కోసం చూసిందనుకోండి. మూల కూర్చున్న అవ్వ తల కూడా ఎత్తకుండా ఒక్క మాట అడుగుతుంది. “చెయ్యి పెట్టి చూశావా?” ఆ అమ్మ బెత్తం వదిలేసి, బిడ్డ పక్కన కూర్చుంటుంది.